స్వరూపక్క కంప్యూటర్‌లో నేను

ఈ సైట్‌లో "మా గురించి" అన్న పేజీలో ఒక వాక్యం ఉండేది. ఇక్కడ చెప్పిన ప్రతి సైట్‌నీ మేమే వాడి చూశాం అని. రాసింది నేనే. అది అబద్ధం. ఇన్నేళ్ళూ ఆ అబద్ధాన్ని మోస్తూ, దాని మీదే ఉద్యోగం తెచ్చుకుని, బాతెల్ అనే ఊళ్ళో ఇల్లు కొనుక్కుని, నలుగురిలో నవ్వుతూ తిరిగాను. ఇక మోయలేను.

మీలో చాలామంది దీన్ని చదవరు, వింటారు. చూపు లేనివాళ్ళకి కంప్యూటర్ నేర్పే సైట్లు ఏవి బాగున్నాయి, ఫోటోలోని అక్షరాలు చదివిపెట్టేవి ఏవి, పేరుకే ఉండి పని చెయ్యనివి ఏవి అని తెలుసుకోవడానికి ఇక్కడికి వస్తారు. స్క్రీన్ రీడర్ గొంతు ఈ మాటలు మీకు చదివి వినిపిస్తూ ఉంటుంది. దాన్ని కాస్త నెమ్మదిగా పెట్టుకోండి. నాకు గబగబా చెప్పడం చేతకావడం లేదు.

అప్పుడు నేను డెట్రాయిట్ దగ్గర మాస్టర్స్ చేస్తున్నాను. చూపు లేనివాళ్ళు వెబ్‌సైట్లు ఎలా వాడతారన్నది నా థీసిస్. అలాంటివాళ్ళు ఒక్కరూ నాకు తెలియదు, థీసిస్సూ, దానితోపాటే ఈ సైటూ మాత్రం మొదలుపెట్టేశాను. తలా ఒక వంట తెచ్చుకునే తెలుగువాళ్ళ పాట్‌లక్‌లో ఒక ఆంటీ చెప్పింది, ఫార్మింగ్టన్ హిల్స్‌లో స్వరూప అని ఒకావిడ ఉందని, కొన్నేళ్ళ కిందట చూపు పూర్తిగా పోయిందని, కంప్యూటర్ మాత్రం మనకన్నా బాగా వాడుతుందని.

మొదటిసారి వెళ్ళింది చలికాలంలో, సాయంత్రం చీకటి పడ్డాక. తలుపు తీసే ఉంది, రమ్మని కేక వినిపించింది. లోపల ఒక్క లైటూ లేదు. ఆ చీకట్లో ఎవరో ఊపిరి తీసుకోకుండా ఏదో మాట్లాడేస్తున్నారు. మనిషి గొంతు కాదు. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, ఒక్క ముక్కా అర్థం కాలేదు. "అయ్యో, లైటేసుకో అమ్మా, నాకు యాదికుండది" అంది స్వరూపక్క. లైటు వేస్తే ఎదురుగా బల్ల దగ్గర ఆవిడ, ముందు నల్లటి తెర. చూడని తెర వెలగడమెందుకని ఆపేసుకుంటుందట. ఆ గొంతు స్క్రీన్ రీడర్‌ది. అంత వేగంలోనూ ఆవిడకి ప్రతి మాటా వినపడుతుంది.

ఆవిడ మౌస్ ముట్టుకోదు. అంతా కీబోర్డే. కొత్త సైట్ తెరిస్తే ముందు హెడింగుల మీద గెంతుతూ పోయి, ఇల్లు ఎటు తిరిగి ఉందో చూసినట్టు దాని వాలకం పట్టేస్తుంది. పేర్లు లేని బటన్లు వస్తే గొంతు "బటన్, బటన్, బటన్" అంటూ పోతుంది. అప్పుడు నవ్వి, "వీడు గుడ్డోళ్ళ కోసం గుడ్డిగ కట్టిండు" అనేది. ఒక కంపెనీలో సైట్లు పరీక్షించే ఉద్యోగానికి ప్రయత్నిస్తోంది. మొదటి రౌండ్లు దాటింది. చూపు పోయాక తన సొంతంగా దక్కబోతున్న మొదటి పని అది. చివరి ఇంటర్వ్యూ మిగిలింది.

కంప్యూటర్ తరచూ మొరాయిస్తోందంటే, నా అపార్ట్‌మెంట్ నుంచే సరిచెయ్యడానికి వీలుగా అందులో ఒక ప్రోగ్రామ్ పెట్టాను. అది తెరిస్తే ఆవిడ తెర మీద ఉండాల్సిందంతా నా తెర మీద కనిపిస్తుంది. ఆవిడ ఫోన్ చేసినప్పుడే తెరవాలని మాట. కొన్నాళ్ళు అలాగే చేశాను. తర్వాత ఒక మధ్యాహ్నం, ఫోన్ రాకుండానే తెరిచాను.

ఎందుకు తెరిచాను? అడిగితే కాదనేది కాదు. పక్కన కూర్చుంటే, నాకు చూపించడం కోసం నిదానంగా చేసేది. ఒంటరిగా ఉన్నప్పుడు ఎలా చేస్తుందో చూడాలనుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అదొక్కటే అయితే ఒక్కరోజుతో ఆగిపోయేదాన్ని. అడిగితే ఆవిడ పేరు కూడా రాయాల్సి వస్తుందని లోపల ఎక్కడో లెక్క వేసుకున్నాను. ఇంకొకటి కూడా ఉంది, చెప్పడానికి సిగ్గుగా ఉంది. తనని చూస్తున్నానని తెలియని మనిషిని చూస్తూ కూర్చోవడంలో ఒక రుచి ఉంది. అది నాకు పట్టింది.

ఆవిడ ఏ సైట్‌కి వెళ్తే నేనూ అక్కడికే. ఎక్కడ చిక్కుకుందో, ఏ కీ నొక్కి బయటపడిందో, ఏ ఫారం చివరిదాకా వచ్చి ఆగిపోయిందో అంతా చూసి, సాయంత్రానికి నా సైట్‌లో నేను కనిపెట్టినట్టు రాసేదాన్ని. మెచ్చుకుంటూ ఉత్తరాలు వచ్చేవి. చూపు లేని మనిషే రాసినట్టుంది అని ఒకాయన రాశాడు. పొంగిపోయాను కూడా.

మౌస్ సంగతి నాకు తట్టలేదు. కళ్ళున్నవాళ్ళ చెయ్యి ఊరికే ఉండదు, మౌస్ మీదే ఉంటుంది. నేనిక్కడ నా మౌస్ కదిపితే అక్కడ ఆవిడ తెర మీద బాణం కదులుతుంది. ఆ బాణం దేని మీదకి వెళ్తే దాని పేరు స్క్రీన్ రీడర్ పైకి చదువుతుంది. నాకు ఆ తెర కనిపించేదే గాని శబ్దం వినిపించేది కాదు. అక్కడ మాత్రం, భర్త పనికి వెళ్ళాక ఆవిడ ఒక్కతే ఉన్న ఇంట్లో, ఎవరూ ముట్టుకోని కంప్యూటర్ ఉన్నట్టుండి మాట్లాడేది.

ఒకరోజు ఫోన్ చేసింది.

"నేనేం ముట్టలే. కుర్చీల కూసోని చాయ్ తాగుతున్న. దానంతటదే రీసైకిల్ బిన్ అన్నది. నిన్న గూడ అట్లనే ఏదో అన్నది. ఇంట్ల ఎవరో ఉన్నట్టు అనిపిస్తున్నది. నిజం చెప్పు, నువ్వేమన్న చూస్తున్నవా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ అడగడం పూర్తికాకముందే జవాబు చెప్పేశాను.

"లేదక్కా, నేనెందుకు చూస్తాను? నువ్వు ఫోన్ చేస్తేనే కదా ఓపెన్ చేసేది."

అక్కడితో ఆగినా సరిపోయేది. నేను ఆగలేదు.

"చూపు పోయినవాళ్ళకి ఒక్కోసారి లేనివి వినపడతాయట అక్కా. ఎక్కడో చదివాను. బావగారికి చెప్పి ఒకసారి డాక్టర్‌కి చూపించుకో."

"అట్లనా" అంది. గొంతు చిన్నదైపోయింది. నేను ఎక్కడా చదవలేదు. అప్పటికప్పుడు పుట్టించాను.

ఆ తర్వాతైనా మానానా? మానలేదు. మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసి, ఒళ్ళో పెట్టుకుని మరీ చూశాను. ఇది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే భయం వేస్తుంది.

కొద్దిరోజులకి ఒక మధ్యాహ్నం చూస్తుండగా, ఆవిడ ఏ సైటూ తెరవలేదు. ఖాళీ పేజీ ఒకటి తెరిచింది. చాలాసేపు ఏమీ కొట్టలేదు. తర్వాత ఒక్కొక్క అక్షరమే వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట. "ఎవరున్నారు?"

కర్సర్ వెలుగుతూ ఆరుతూ ఉంది. ఆవిడ వింటోంది. అంత దూరంలో, నా గదిలో నేను, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను, ఆ ఊపిరి కూడా ఆవిడకి వినపడుతుందేమోనన్నట్టు. ఎవరు ఎవరి ఇంట్లో దాక్కున్నారో నాకు తెలియలేదు. కాసేపటికి ఇంకో మాట వచ్చింది. "చెప్పు."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఒక్క మాట కొడితే చాలు. భయంతో నా తెర మీదున్న ఆ ప్రోగ్రామ్‌ని మూసేసి పారిపోదామనుకున్నాను. మౌస్ పట్టుకుని పై మూలకి లాగాను. దారిలో ఆవిడ పేజీని మూసే గుర్తు ఉంది, బాణం దాని మీద ఆగింది. అక్కడ, ఆ ఇంట్లో, ఆ గొంతు "క్లోజ్" అని పలికి ఉంటుంది. ఆవిడ అడిగినదానికి జవాబు వచ్చింది.

తెర ఒక్కసారిగా పోయింది. ప్లగ్ పీకేసింది.

మర్నాడు బావగారు పిలిస్తే వెళ్ళాను. ఇంట్లో లైట్లన్నీ వేసి ఉన్నాయి. ఆవిడ గోడకి వీపు ఆనించి కూర్చుంది, వెనకాల ఖాళీ లేకుండా. కంప్యూటర్‌లో ఏదైనా ఉందేమో చూడమన్నారు ఆయన. దొంగకి తేలు కుట్టినట్టు నోరెత్తకుండా కూర్చుని, నేను పెట్టిన ప్రోగ్రామ్ నేనే తీసేసి, అందులో ఏమీ లేదని చెప్పాను. ఆయన ఆవిడ వైపు జాలిగా చూశారు. ఆవిడకి ఆ చూపు కనపడదు, కానీ తెలిసింది. ముఖం పక్కకి తిప్పుకుంది.

ఇంటర్వ్యూకి వెళ్ళలేదు. ఎవరో తలుపు కొడితే, నిజంగా కొట్టారా అని బావగారిని అడగడం మొదలుపెట్టింది. కుళాయి కారుతోందా, ఫోన్ మోగిందా, అన్నీ అడిగి రూఢి చేసుకునేది. డాక్టర్ మందులు రాశాడు, అవి వేసుకుంటే మధ్యాహ్నాలన్నీ నిద్రే. కళ్ళు లేని మనిషికి చెవులే అన్నీ. ఆ చెవుల మీద నమ్మకం నేను తీసేశాను. దానికి కారణం థీసిస్సా, భయమా, ఆ పాడు రుచా? ఎన్నిసార్లు అడుక్కున్నా జవాబు మారుతూనే ఉంది. చేసింది మాత్రం మారదు.

నా థీసిస్‌కి మంచి పేరొచ్చింది. దాన్ని చూసే ఉద్యోగం ఇచ్చారు, వీసా వచ్చింది. స్వరూపక్కా బావగారూ ఫ్రిస్కో అనే ఊరికి మారిపోయారు. పండగలకి ఫోన్ చేసేదాన్ని. నీ సైట్ మంచిగుందటనే అని సంతోషపడేది. తను మాత్రం మళ్ళీ కంప్యూటర్ ముట్టుకోలేదు.

"మా గురించి" పేజీ మార్చాను. ఇక్కడి పాత పేజీల్లో మీకు పనికొచ్చిన ప్రతి చిట్కా స్వరూప అనే ఆవిడదని రాశాను. రాశాక కూడా కుదుటపడలేదు. ఆవిడ ఇక్కడికి రాదు, వినదు. వినని మనిషి వెనకాల మీకు చెప్పుకోవడం కూడా చాటు పనే కదా? అందుకని దీన్ని ఇక్కడ పెట్టేముందు ఫోన్ చేశాను. ముందుమాటలేమీ లేకుండా అంతా చెప్పాను. ఖాళీ పేజీ సంగతీ చెప్పాను.

తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. క్షమించమని అడగలేదు. తర్వాత ఆవిడ నాతో ఏమీ అనకుండా, ఫోన్ చేతిలో పట్టుకునే, లోపలికి గట్టిగా పిలిచింది.

"ఏమండి, జర ఇటు రాండ్రి. నేను విన్నది నిజమేనట. అప్పుడు నేను విన్నదంత నిజమేనట!"

ఆయన అడుగులు దగ్గరికొస్తున్నాయి. ఆవిడ మళ్ళీ ఏదో చెప్పబోతోంది. అది నేను వినాల్సింది కాదు. ఫోన్ పెట్టేశాను.