సిరా రంగు ఆస్టర్లు

మా అక్కను పూల మార్కెట్లో అందరూ సిరా అక్క అంటారు. అసలు పేరు ఆమె మొగుడికైనా గుర్తుందో లేదో నాకు అనుమానమే. కలంలో పోసుకునే సిరా రంగులో పూసే ఆస్టర్లు ఆమె దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకవు. ఊదా రంగు ఆస్టర్లు ఎవరైనా పెంచుతారు, బోలెడు ఉన్నాయి. ఇది ఊదా కాదు, నీలమూ కాదు. దూరం నుంచి నల్లగా ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే లోపల్నుంచి నీలం పైకి వస్తుంది.

నేను ఆసుపత్రి గేటు పక్కన పూల దుకాణం నడుపుతాను. రోగిని చూడటానికి వచ్చేవాళ్లు ఏం కొనాలో తేలక నా ప్రాణం తీస్తారు. గులాబీలు బాగోవేమో అంటారు, బంతిపూలు మరీ పసుపేమో అంటారు. అప్పుడు ఈ సిరా ఆస్టర్ల కట్ట తీసి చేతిలో పెడతాను. ఇంక నోరెత్తరు, తీసుకుని లోపలికి వెళ్లిపోతారు.

అక్కా బావల తోట పెంకుల ఫ్యాక్టరీ వెనక ఉంది. తోట అంటే మరీ తోటేం కాదు, పొడుగాటి మడులు, ఒక నీళ్ల తొట్టి, పనిముట్లు పెట్టుకునే రేకుల గది. పెళ్లయిన కొత్తలో అక్క అక్కడ మామూలు గులాబీ రంగు ఆస్టర్లే వేసింది. ఒక చివర ఒకే ఒక్క మొక్క ఈ రంగులో పూసింది. ఎక్కడి నుంచి వచ్చిందో దానికే తెలియాలి. ఇంకొకరైతే కోసి కట్టలో కలిపేసేవారు. అక్క ఆ మొక్కను పువ్వు ఎండేదాకా కాపలా కాసి గింజ తీసింది. మరుసటి ఏడు ఆ గింజ వేస్తే సగం మళ్లీ గులాబీ రంగే వచ్చింది. గులాబీవి పీకేసింది, సిరావి ఉంచింది. అలా పీకుతూ ఉంచుతూ పోగా పోగా, ఒక ఏడు మడి మొత్తం సిరా రంగులో విచ్చుకుంది. ఆ రోజు బావ నాకు ఫోన్ చేసి, "మీ అక్క మడి గట్టు మీద కూర్చుని నవ్వుతోంది, అన్నానికి రమ్మంటే రావడం లేదు, నువ్వొచ్చి చెప్పు" అన్నాడు.

ఆస్టర్ గింజతో వచ్చిన చిక్కేమిటంటే దానికి ఆయుష్షు లేదు. ఏడాది దాటితే సగం మొలవదు. ఆపైన ఇంక ఆశ వదులుకోవాల్సిందే. నగలా పెట్టెలో పెట్టుకుని మురిసిపోయే సొత్తు కాదది. ప్రతి ఏడూ వేయాలి, ప్రతి ఏడూ తీయాలి, ఒక్క ఏడు తప్పిందా, అంతే సంగతులు.

అందుకే అక్కకు ఒక పద్ధతి ఉండేది. పూలు విచ్చుకోగానే మడంతా తిరిగి, రంగు బాగా కుదిరిన మొక్కల కాడకు ఎర్ర దారం కట్టేది. దారం కట్టిన మొక్క గింజ మొక్క. దాని పువ్వు కోయకూడదు, కొమ్మ తుంచకూడదు, దాని చుట్టూ కలుపు తీయాలన్నా ఆమే తీయాలి. ఒకసారి బావ చూసుకోక దారం ఉన్న కాడ కోసేశాడు. అక్క ఆయనతో మాట్లాడటం మానేసింది. ఏం కావాలన్నా నాకు ఫోన్ చేసి, "మీ బావకు చెప్పు, మోటారు ఆపమని" అనేది. ఆయన పక్కనే ఉండేవాడు! ఇద్దరి మధ్యా నా తల ప్రాణం తోకకు వచ్చింది.

ఇంక గింజ ఇవ్వడమంటారా, ఆ విషయంలో మా అక్క ఎంగిలి చేత్తో కాకిని తోలే రకం కాదు. సొంత చెల్లెల్ని, కుండీలో వేసుకుంటాను నాలుగు గింజలు పెట్టవే అని అడిగితే ఒంటికాలి మీద లేచింది.

"నీ కుండీ పక్కన ఎవరిదో గులాబీ రంగు కుండీ ఉంటుంది. తేనెటీగ ఇటూ అటూ తిరిగి కలిపేస్తుంది. నా రంగు పాడవుతుంది. పూలు కావాలంటే గంపెడు పట్టుకుపో, గింజ మాత్రం అడక్కు" అంది.

"పోతూ నెత్తిన పెట్టుకుని పోతావా ఏంటే?" అన్నాను నేను ఒళ్లు మండి.

"పోతా, నీకెందుకు?" అంది.

ఒక ఏడు ఆ మడిలో పచ్చ పువ్వు పూసింది, దాన్ని మొదట చూసింది నేనే. పూలు తీసుకెళ్దామని పొద్దున్నే వెళ్లాను. మడి చివర ఒక మొక్కకు పూత వచ్చింది, కానీ పువ్వు సిరా రంగులో లేదు. లేత పచ్చ. రేకులు రేకుల్లానే ఉన్నాయి, రంగు మాత్రం చిగురాకు రంగు. నిజం చెప్పొద్దూ, ముద్దొచ్చింది. అక్కను కేకేశాను. ఆమె వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఆ పువ్వును రెండు వేళ్లతో పైకెత్తి చూసింది. ఆ ముఖం నాకు తెలుసు. మొదటి సిరా పువ్వు దొరికినప్పటి ముఖమే.

"మళ్లీ వచ్చిందే చెల్లీ, నాకే వచ్చింది" అంది. కొంగు ముడిలోంచి ఎర్ర దారం తీసి కట్టేసింది.

బావ నీళ్ల గొట్టం పక్కన పడేసి వచ్చి చూశాడు. నోట్లో నాలుక లేని మనిషి, ఊరికే మాట్లాడడు. "ఆకులు పాలిపోయాయి చూశావా? కాడ కూడా పొట్టిగా, చీపురులా గుబురుగా ఉంది. ఇది తేడాగా ఉంది, పీకేద్దామా?" అన్నాడు.

"రంగుల గురించి నువ్వు చెప్తున్నావా నాకు? చొక్కా కొనుక్కోవాలన్నా నన్ను వెంటేసుకుని పోయే మనిషివి! దారం కట్టాను, చేయి వేశావంటే ఊరుకోను" అంది అక్క.

ఆయన వెళ్లి మళ్లీ నీళ్ల గొట్టం అందుకున్నాడు. రంగుల విషయంలో ఆమెకు ఎదురు చెప్పే మొనగాడు మా ఇంట్లో ఎవరున్నారు? పెళ్లి హాళ్లకు అలంకరణ చేసే డెకరేషన్ ఆయన నా దుకాణంలో ఆ పువ్వు ఫొటో చూసి, వచ్చే ఏడు పచ్చవి ఎన్ని పూస్తే అన్నీ తనకే ఇవ్వమని మరీ మరీ చెప్పి వెళ్లాడు. ఆ మాట చెప్తే అక్క పట్టరాని సంతోషంతో ఇంకో వరస మడి తవ్వించింది.

తర్వాత పక్క మొక్క కూడా పచ్చగా పూసింది. దాని పక్కదీ పూసింది. అక్క వాటికీ దారం కట్టింది. గింజ పడకుండానే రంగు పాకడం ఏమిటని ఆమెకు తోచలేదు, ఇన్నేళ్లు గింజతో సంసారం చేసిన మనిషికి! ఆశ అంత చెడ్డది. పచ్చ పువ్వు ఎండితే గింజ తీద్దామని ఎదురు చూసింది. అది ఎండలేదు. రేకులు ముదిరి ఆకుల్లా తయారయ్యాయి, పువ్వు మధ్యలోంచి చిన్న చిన్న చిగుళ్లు పొడుచుకొచ్చాయి.

ఆ తర్వాత, అప్పటిదాకా సిరా రంగులో పూసిన మొక్కలు కూడా పచ్చబడటం మొదలుపెట్టాయి. ఒకే పువ్వు ఒక పక్క సిరా, ఒక పక్క పచ్చ. మూతి వంకర పోయినట్టు వంకరగా విచ్చుకునేవి. ముందే దారం కట్టి ఉంచిన గింజ మొక్కలు కూడా, పాత పువ్వు సగం ఎండుతూ ఉండగానే, పక్క కొమ్మల్లో పచ్చగా తిరిగిపోయాయి. నేను వెళ్లేసరికి అక్క మడి మధ్యలో నిలబడి ఉంది. నన్ను చూసి, "ఏమే, ఇదేంటే?" అంది. మా అక్క నన్ను ఒక మొక్క గురించి అడగడం నా జన్మలో అదే మొదలు.

బావ వెళ్లి వ్యవసాయ కాలేజీలో మొక్కల జబ్బులు చూసే డాక్టరమ్మను బతిమాలి తీసుకొచ్చాడు. చిన్నమ్మాయే కానీ నెమ్మదస్తురాలు. ఒక పువ్వు చీల్చి భూతద్దం కింద పెట్టి మాకు కూడా చూపించింది. మనం ఒక పువ్వు అనుకునేది ఒక్క పువ్వు కాదట, వందల చిన్న పూల గుంపట. ఆ గుంపులో ప్రతి పువ్వూ ఆకైపోయి ఉంది.

"ఇది వెర్రి తెగులమ్మా. వంకాయ మొక్కలకూ వస్తుంది. పచ్చదోమ ఒక మొక్క రసం తాగి ఇంకో మొక్క మీద వాలితే చాలు, అంటుకుంటుంది" అని చెప్పింది. కంచె పక్కన పెరిగిన వయ్యారిభామ కలుపు చూపించి, "అక్కడి నుంచి వచ్చి ఉండొచ్చు. ఆస్టర్, చామంతి, బంతి, పొద్దుతిరుగుడు, ఈ కలుపు మొక్క, అన్నీ ఒకే కుటుంబం" అంది.

"చుట్టాలే ముంచారన్నమాట" అన్నాడు బావ. ఎవరూ నవ్వలేదు.

"మందేం కొట్టాలమ్మా?" అని అడిగింది అక్క.

"దీనికి మందు లేదండీ. మొదటి మొక్క కనబడగానే పీకి కాల్చేస్తే మిగతావి దక్కేవేమో. ఇప్పుడు మొత్తం పీకేయాలి."

"గింజ?"

"జబ్బు మొక్క గింజ కట్టదు. బాగున్నట్టు కనబడేవాటిలో కూడా లోపల జబ్బు ఉండే ఉంటుంది, బయటపడటానికి కొంచెం టైం పడుతుంది, అంతే."

మొదటి మొక్క అనగానే బావ కళ్లు ఎక్కడికి పోయాయో నేను చూశాను. మడి చివర దారం కట్టిన ఆ తొలి పచ్చ మొక్క మీదికి. ఆయన మంచివాడు, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. అదే నన్ను ఏడిపించింది. తిట్టి ఉంటే అక్క తిరిగి తిట్టేది, ఇంట్లో ఏదో ఒక గోల ఉండేది.

మడులన్నీ బావే పీకాడు. అక్క మాత్రం బాగున్నాయనిపించిన ఐదు మొక్కలు మట్టితో సహా తవ్వి, కుండీల్లో పెట్టి, రేకుల గదిలో మంచానికి కట్టే దోమతెర వాటికి కట్టింది. లోపలికి తనూ దూరి, ఆకు ఆకూ తిరగేసి, దోమ ఉందేమోనని చూసేది. నేను దుకాణం కట్టేసి వెళ్లినప్పుడల్లా ఆ తెరలో కూర్చుని ఉండేది. జ్వరం వచ్చిన పిల్ల పక్కన కూర్చున్నట్టు. ఏం మాట్లాడాలో తెలియక నేను బయట కూర్చుని మార్కెట్ కబుర్లు చెప్పేదాన్ని. ఆమె ఊఁ కొట్టేది. నాలుగు విచ్చుకున్నాయి, నాలుగూ పచ్చవే. ఆఖరిది మొగ్గలోనే పచ్చగా ఉంటే, అక్క దాన్ని కూడా తనే పీకి బావ చేతికి ఇచ్చింది.

డబ్బా అడుగున పాత గింజ కాస్త ఉంటే తడిగుడ్డలో కట్టి చూశాం. గుడ్డ పుల్లటి కంపు కొట్టింది కానీ ఒక్క మొలక రాలేదు.

మర్నాడు అక్క నా దుకాణానికి వచ్చి, "నాతో రా" అంది. ఎక్కడికే అంటే చెప్పదు. షట్టర్ దించి వెంట నడిచాను. తెల్లపూలాయన ఇంటి సందులోకి తిరిగింది.

ఈయన కథ కూడా చెప్పాలి. ఆయనదీ మాలాంటి తోటే, తెల్ల ఆస్టర్లు తప్ప ఇంకోటి వేయడు. చాలా ఏళ్ల కిందట ఒకసారి అక్క లేనప్పుడు పార అడగడానికి తోటకు వచ్చి వెళ్లాడు. ఆ సాయంత్రం గింజ మొక్క మీద ఒక ఎండు పువ్వు కనబడలేదు. గాలికి రాలిందో, పిట్ట ఎత్తుకుపోయిందో! అక్క మర్నాడు మార్కెట్ నడిమధ్య నిలబడి ఆయన్ను గింజల దొంగ అని కడిగిపారేసింది. అప్పటి నుంచి ఆయన మార్కెట్లో అక్క వరసలో పూలు పెట్టడం మానేసి అటు చివరకు పోయాడు. ఆయన ఎదురైతే నేను తల దించుకునేదాన్ని, అక్క మాత్రం దించేది కాదు.

ఆయన వరండాలో కూర్చుని పూల కట్టలకు రబ్బరు బ్యాండ్లు వేస్తున్నాడు. మమ్మల్ని చూసి చేతులు ఆపేశాడు.

"అన్నా" అంది అక్క. "ఆ రోజు నువ్వు గింజ తీశావు కదా?"

"ఇంటిదాకా వచ్చావా తల్లీ?" అన్నాడాయన. "ఇన్నేళ్లయినా నీ కడుపు మంట చల్లారలేదా?"

"తిట్టడానికి రాలేదన్నా. తీశానను, చాలు. నిన్నొక్క మాట అనను. అదే మార్కెట్లో అందరి ముందూ నీ కాళ్లు పట్టుకుంటా. ఏటా వేస్తూనే ఉండి ఉంటావు, అందులోంచి నాకు నాలుగు గింజలు ఇవ్వు."

నేను జరిగిందంతా చెప్పాను. ఆయన విన్నాడు. వింటున్నకొద్దీ ఆ కోపమంతా ఎటు పోయిందో, ముఖం పాలిపోయింది. "నేను తీయలేదమ్మా. నా పిల్లల మీద ఒట్టు" అన్నాడు.

"నీకు తెలియకుండా జేబులో పడి ఉంటుందేమో? నీ మడిలో ఎప్పుడైనా ఒక్క మొక్క సిరా రంగులో పూసిందేమో, నువ్వు గమనించలేదేమో?"

ఆయన లేచి లోపలికి వెళ్లాడు. డబ్బాల మూతలు తీస్తున్న చప్పుడు వినబడింది. లేదని తెలిసి కూడా ఆ పెద్దాయన ఒక్కో డబ్బా తెరిచి వెతుకుతున్నాడు. అక్క ఆ చప్పుడు వైపే చెవి పెట్టి నిలబడింది. నాకు ఆమె చేయి పట్టుకుని లాక్కుపోవాలనిపించింది. ఆయన తిరిగొచ్చి, ఖాళీ చేతులు చూపించి, "తీసి ఉన్నా బాగుండేది తల్లీ" అన్నాడు.

గుమ్మంలో ఆయన భార్య నిలబడి ఉంది. అక్క ఆవిడ దగ్గరికి వెళ్లింది.

"వదినా, నువ్వైనా తీశావా?"

ఆవిడ లేదన్నట్టు తల ఊపింది. అక్క అప్పుడు ఆవిడ వెనక నిలబడి ఉన్న కోడలి వైపు తిరిగింది.