క్లచ్ ప్లేటుకు బొట్టు

పెళ్లయిన కొత్తలో మా ఆయన ఆ కారు తెచ్చినప్పుడే అన్నాను, కారన్నాక నాలుగు తలుపులుండాలని. ఇద్దరే పట్టే కారు, నేలకు కడుపు ఆనించి పాకుతున్నట్టుండే ఎర్ర స్పోర్ట్స్ కారు. బదిలీ మీద పోతున్న ఒక ఆఫీసరు దగ్గర కొన్నాడు. భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసేవాడికి ఈ షోకు ఏమిటని మా కాలనీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. పక్క సీట్లో కూర్చుని చిట్యాల దాకా పోయి వచ్చాక నవ్వడం మానేశాను.

కిందటేడు వానలు తగ్గాక ఆ కారు క్లచ్ అరిగిపోయింది. ఇంజను గొంతు చించుకుంటుంది, కారు మాత్రం కదలదు. కొంచెం ఎత్తు ఎక్కితే చాలు, మాడు వాసన. ఊళ్లో ఇద్దరు మెకానిక్కులకు చూపించాడు. "అన్నా, గిది మాతోని కాదు, హైదరాబాద్ తీస్కపో" అన్నారు ఇద్దరూ. మా ఆయన కారును ఇంటి ముందు రేకుల కిందికి నెట్టించి, "కొత్త క్లచ్ నేనే ఏస్త" అన్నాడు.

ఆ మాటకు నా గుండె జారింది. ఎందుకో చెప్పాలి.

అంతకు మూడేళ్ల ముందు బాయిలో పైకప్పు కూలి ఆయన నడుముకు దెబ్బ తగిలింది. పక్కనే పనిచేస్తున్న మనిషి బతకలేదు. బాయి దిగేవాళ్లకు ఒక అలవాటుంది. ఎక్కడ నిలబడాలన్నా ముందు ఇనుప కడ్డీతో పైకప్పును కొట్టి వింటారు. గట్టి శబ్దం వస్తే ముందుకు, డొల్ల శబ్దం వస్తే వెనక్కి. ఆ రోజు కొట్టి విన్నది మా ఆయనే. "గట్టిగున్నది" అన్నదీ ఆయనే. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. పోయిన మనిషి భార్య కూడా, "నీ చేతుల ఏమున్నదన్నా" అన్నది. ఈయన చెవికి మాత్రం అది ఎక్కలేదు. బాయి పైన స్టోరులో పని ఇచ్చారు. అప్పటినుంచి గ్యాస్ కట్టేశానా అని మూడుసార్లు, గడియ పెట్టానా అని నాలుగుసార్లు చూసుకునే మనిషైపోయాడు. నడుము బాగైనా, మంచం కిందికి చెప్పు పోతే వంగి తీసేవాడు కాదు, నన్ను పిలిచేవాడు.

అలాంటి మనిషి కారు కిందికి పోతానంటున్నాడు. సంతోషపడాలి నిజానికి. కొంచెం పడ్డాను కూడా. మిగిలిందంతా భయమే.

కట్టెల అడితికి పోయి బరువైన దిమ్మెలు తెచ్చాడు. కారును జాకీతో ఎత్తి, దాని కింద నిలువుగా రెండు, అడ్డంగా రెండు, మళ్లీ నిలువుగా రెండు పేర్చాడు. బాయిలో పైకప్పుకు ఇలాగే ఆసరా పెడతారట. తర్వాత కడ్డీ తీసుకుని ఒక్కో దిమ్మెను కొట్టి, తల వంచి విన్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. లోపలికి పోయే ముందు ప్రతిసారీ అదే. కొట్టడం, వినడం, మళ్లీ కొట్టడం. ఒక్కోసారి సగం లోపలికి జరిగి, ఏదో గుర్తొచ్చినట్టు బయటికి వచ్చి మళ్లీ కొట్టేవాడు. నేను గడపలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు నటిస్తూ, బయటికి కనిపించే ఆయన కాళ్లనే చూసేదాన్ని. కాలు కదిలితే నాకు ఊపిరి ఆడేది. కొంచెంసేపు కదలకపోతే, "ఇగో, ఇంటున్నవా?" అని కేకేసేదాన్ని.

"ఇంటున్న, బతికే ఉన్న" అనేవాడు కింది నుంచి.

కొత్త క్లచ్ ప్లేటు కొరియర్‌లో వచ్చింది. అన్నం పళ్లెమంత ఉంది, గుండ్రంగా. మా ఇంట్లో కొత్త వస్తువు ఏది వచ్చినా బొట్టు పెట్టకుండా వాడం. మిక్సీకి పెట్టాం, ఫ్యానుకు పెట్టాం, గోడ మీది మీటరుకు కూడా పెట్టాం. ఆదివారం పొద్దున ఆయన స్నానానికి పోగానే ప్లేటు తీసి దేవుని అరలో పెట్టాను. కొండగట్టు నుంచి తెచ్చిన అంజన్న సింధూరం, నూనెలో తడిపింది, అయిదు బొట్లు చుట్టూ పెట్టి మొక్కాను. నీ కొడుకు లాంటివాడు, కారు కిందికి పోతున్నాడు, మళ్లీ బయటికి పంపు స్వామీ అన్నాను. అంతకంటే ఏం అడగలేదు.

గంట తర్వాత ఆయన రేకుల కింద కూర్చుని ఫోనులో వీడియో చూస్తున్నాడు. నేను చాయ్ ఇవ్వబోతే సంబరంగా నాకు పాఠం చెప్పాడు. "జర చూడు. గీ ప్లేటు గరుకుగ ఉంటేనే ఇంజనును పట్టుకుంటది. నూనె చుక్క వడ్డదనుకో, జారుతది. చెయ్యి జిడ్డు గూడ తాకద్దంట."

చాయ్ గ్లాసు అక్కడే పెట్టేశాను. లోపలికి పరుగెత్తాను. పాత చీర ముక్కతో ప్లేటును రుద్దాను, మళ్లీ రుద్దాను. పైకి ఏమీ కనిపించలేదు. తెచ్చి ఆయన చేతికిచ్చాను. సబ్బుతో రెండుసార్లు కడుక్కున్న చేతులతో, పసిపిల్లను ఎత్తుకున్నట్టు అంచులు పట్టుకుని తీసుకున్నాడు.

నాకు నోరు లేదా? ఉంది. వీధి కుళాయి దగ్గర నా నోటికి ఎదురు చెప్పినవాళ్లు లేరు. కానీ మూడేళ్ల తర్వాత ఆ ముఖంలో వెలుగు చూస్తున్నాను, దాన్ని నా చేత్తో ఆర్పలేకపోయాను. తుడిచాను కదా, ఏం కాదులే అనుకున్నాను. మనకు కావలసిందే మనం నమ్ముతాం.

పొద్దుగూకే వేళకు అంతా బిగించాడు. మర్నాడు డ్యూటీ నుంచి రాగానే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చిట్యాల రోడ్డు ఎక్కించాడు. కదిలేటప్పుడే కారు చలిజ్వరం వచ్చినట్టు వణికింది. ఊరు దాటి వేగం పెంచబోతే ఇంజను అరిచింది, కారు ముందుకు పోలేదు. మళ్లీ తొక్కాడు. మళ్లీ అదే. కారును వెనక్కి తిప్పాడు.

ఇంటికొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. రెండు చేతులూ ముందుకు చాచి చూసుకున్నాడు. 

"గీ చేతులల్లనే ఏదో ఉన్నది" అన్నాడు. "అంత సక్కగున్నదనుకుంట, ఉండది. ఆనాడు గూడ గట్లనే అనుకున్న. ఇగ నేను ఏ పని ముట్ట."

ఆయన మెట్టు మీద కూర్చుంటే నేను ఎదురుగా నేల మీద కూలబడ్డాను.

"ఆ ప్లేటుకు నేను బొట్టు పెట్టిన" అన్నాను.

ఆయన తలెత్తాడు. "ఏంది?"

"సింధూరం. అంజన్నది. నువ్వు నూనె తాకద్దన్నంక తుడిచిన. నీకు చెప్పలె."

"ఎన్ని పెట్టినవ్?"

"అయిదు."

ఆయన మళ్లీ తన చేతులకేసే చూసుకున్నాడు. తిట్టు, కొట్టినా పడతాను, ఇలా ఊరుకోకు అని లోపల ఏడుస్తున్నాను. చివరికి ఆయన అడిగిన మాట నేను చచ్చేదాకా మరచిపోను.

"అయితే, నేను సక్కగనే బిగించిన అంటవా?"

"నువ్వు సక్కగనే బిగించినవ్. కరాబు చేసింది నేను" అన్నాను. ఏడుపు ఆగలేదు. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి బరువుగా, నిలకడగా ఉంది.

మరో ప్లేటు తెప్పించుకుని, తర్వాతి ఆదివారం మళ్లీ విప్పాడు. బొట్లు పెట్టిన ప్లేటు నాకు చూపించాడు. రివిట్ల గుంటల్లో ఎర్రగా, సన్నగా, అయిదు చోట్ల నూనె మరక. "అంజన్న గట్టిగనే పట్టుకున్నడు" అన్నాడు. నవ్వాడు కూడా. కొత్త ప్లేటు ఉన్న గదిలోకి నేను అడుగుపెట్టలేదు.

దాన్ని బిగించడానికి కిందికి పోయే ముందు దిమ్మెల దగ్గర ఆగాడు. కడ్డీ ఎత్తి ఒకసారి కొట్టాడు, విన్నాడు. రెండోసారి ఎత్తబోయి ఆపి, నన్ను పిలిచి కడ్డీ నా చేతిలో పెట్టాడు.

"నువ్వు కొట్టి చెప్పు" అన్నాడు.

నాకేం తెలుసు, నేనెప్పుడు బాయి దిగాను? కానీ ఆయన ఎదురుచూస్తున్నాడు. ఒక్కో దిమ్మెనూ కొట్టాను. తల వంచి, ఆయన విన్నట్టే విన్నాను. ఎక్కడా డొల్ల లేదు. మొదటినుంచి మళ్లీ కొట్టాలనిపించింది. కొట్టలేదు.

"గట్టిగున్నది" అన్నాను. "పోయి రా."

ఆయన వెల్లకిలా పడుకుని కారు కిందికి జరిగాడు.