మబ్బున లేచేవాళ్ల తెలుగు

మూడు దినాలుగా మోడం పట్టి ఉంది. ఎండ లేదు, వానా లేదు. ఆదివారం అంగన్‌వాడీకి సెలవు గనక నేనూ నా భర్తా చేలో శెనగ కుప్ప మీద పట్ట కప్పుతున్నాము. నాలుగు మూలలా రాళ్లు పెట్టినాక ఫోను చూసుకున్నాను. ప్రొద్దుటూరు నుంచి మూడుసార్లు మోగి ఆగిపోయింది. తిరిగి చేస్తే టీచరమ్మ కూతురు ఎత్తింది. "అమ్మ పొద్దున పోయిందక్కా" అనింది. మరుసటి రోజు మధ్యాహ్నం మట్టి చేస్తారని చెప్పింది.

జమ్మలమడుగు పక్కన మా బళ్లో టీచరమ్మ తెలుగు చెప్పేది. మిషను బడిలో చదువుకున్న తాతల కాలం నుంచి వాళ్లది క్రైస్తవ కుటుంబం. చేతికి పిండి అంటకుండా సుద్దముక్కకు పాత క్యాలెండరు కాగితం చుట్టి పట్టుకునేది. ప్రార్థనలో ఆమె నోట పాత బైబిలు తెలుగు వచ్చేది. "ప్రభువా, నీ బిడ్డలను కాపాడుము" అని ముగించి, కళ్లు తెరిచీ తెరవకముందే "ఒరేయ్, యాడికి పోతాండావు, కూచో" అనేది. ఆఫీసుకు కాగితం రాసేటప్పుడు ఇంకొక తెలుగు. మేము నవ్వితే, "దేవునికి మూడూ తెలుసు. ఆఫీసుకు ఒకటే తెలుసు. దాని తెలివికి తగ్గట్టు రాస్తాండా" అనేది.

నేను గొర్రెలు మేపేవాళ్ల ఇంటి బిడ్డను. మా ఇంట్లో ఐదో తరగతి దాటింది నేనే మొదలు. తొమ్మిదిలో ఉండగా అర్ధ సంవత్సరం పరీక్షల్లో మా తెలుగు పేపర్లు కోస్తా నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చిన సారు దిద్దినాడు. "మీ ఇంట్లో ఒక రోజు" అనే ప్రశ్నకు నేను, "మా నాయన మబ్బున లేచి గొర్రెలను తోలుకుని పోతాడు" అని రాసినాను. మాకు మబ్బంటే తెల్లవారకముందు ఉండే చీకటి. ఆ సారుకు మబ్బంటే ఆకాశంలో ఉండేది. ఆ మాట చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, తరగతిలో పైకి చదివినాడు.

"మీ నాన్న మబ్బులో లేస్తాడా? మనిషా, కొంగా?"

అందరూ నవ్వినారు. ఏం చేయాలో తెలియక నేనూ నవ్వినాను. పేపరు చివర "ఇది భాష కాదు, యాస" అని రాసి ఉంది. తెలుగులో తప్పినాను.

మా నాయన బడి మాన్పించినాడు. నాలుగు దినాలు గొర్రెల వెంట పోయినాను. ఐదోనాడు టీచరమ్మ రోడ్డు కాడ బస్సు దిగి, పొలాలకు అడ్డంబడి నడిచి మా ఇంటికి వచ్చింది.

"ఏమప్పా, పాపను బడి మాన్పించినావంట?"

"తెలుగులో తప్పింది టీచరమ్మా" అన్నాడు మా నాయన. "లెక్కల్లో తప్పిందంటే సరే అనుకుందును. ఇంట్లో మాట్లాడేదే తెలుగు. అది గూడా రాలేదంటే ఇంగేం చదువుతాది?"

"పాప రాసింది నీ మాటే. తప్పింది పాప కాదు, నువ్వు. రేపు బడికొచ్చి ఆ సారుతో మాట్లాడు."

"నేనేం మాట్లాడేది? నాకు సంతకమే రాదు."

"సంతకం ఎవరడిగినారు నిన్ను? మాట్లాడమంటాండా."

మరుసటి రోజు మా నాయన భుజాన కంబళితో స్టాఫ్ రూముకు వచ్చినాడు. ఆ సారు మర్యాదస్తుడే. లేచి కుర్చీ జరిపినాడు. మా నాయన కూర్చోలేదు. టీచరమ్మ కిటికీ వైపు చూసి, "వాన వస్తాదంటారా సార్?" అని అడిగింది.

"బాగా మబ్బు పట్టిందండీ, రావచ్చు" అన్నాడు సారు.

మా నాయన ఉలిక్కిపడినాడు. "మబ్బా? పదకొండు గంటలప్పుడు మబ్బు యాడిది సార్? మోడం పట్టింది అనాల. మీ ఊర్లో పొద్దు పొడిచినాక గూడా మబ్బేనా? మరి మీరు ఎప్పుడు లేస్తారు?"

హెడ్మాస్టరు గూడా నవ్వినాడు. సారు ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత ఆయనకే నవ్వు వచ్చింది. నా పేపరు తీయించి మళ్లీ దిద్దడానికి కూర్చున్నాడు. టీచరమ్మ పక్కనే నిలబడింది. గేదెలను ఎనుములు అన్నచోట, సాయంత్రానికి బదులు మాపుకు అన్నచోట మార్కు వేయించింది. నేను "విధ్య" అని రాసినచోట మాత్రం తనే వేలు పెట్టి చూపించింది. "ఇది యాస కాదు సార్, తప్పు. దీనికి తీసేయండి" అనింది. అత్తెసరు మార్కులతో పాసయినాను.

బయటికి వచ్చినాక నాతో చెప్పింది. "పరీక్ష పెట్టేవాళ్లు మాట్లాడేదాన్ని భాష అంటారు, రాసేవాళ్లు మాట్లాడేదాన్ని యాస అంటారు. రేపు నువ్వు పరీక్ష పెడితే ఆ సారుది యాస అయితాది. 'తెల్లవారుజామున' అనేది గూడా నేర్చుకో, పరీక్షలో అది రాయి. అది వచ్చింది గదా అని ఇంటి మాటను పారేయొద్దు."

ఆ నెలంతా మా నాయన కనపడిన ప్రతి మనిషికీ చెప్పుకున్నాడు. "మా పాపకు మార్కులు ఏపించినా. ఉత్త మాటతోనే." ఆ సారు గూడా తర్వాత తెలియని మాట ఎదురైతే, ఎర్ర పెన్ను ఎత్తకముందు టీచరమ్మను అడిగేవాడు.

పది పాసయినాను గనకనే పులివెందుల పక్కన అంగన్‌వాడీలో నాకు పని దొరికింది. ఒకసారి సూపర్‌వైజరు మేడం వచ్చి బొమ్మ చూపిస్తే మా పిల్లలు "ఎనుము" అన్నారు. "గేదె అని నేర్పించాలి" అనింది మేడం. "రెండు మాటలూ నేర్పిస్తాండా మేడం. ఏ పేరుతో పిలిచినా అది పాలిస్తాది" అన్నాను. ఇది ఫోన్లో చెబితే టీచరమ్మ శానాసేపు నవ్వింది. "ఈ మాట నేను చెప్పలేదే, నీదే" అనింది. ఆమె మెచ్చుకోవడమంటే అంతే, అంతకు మించి ఉండేది కాదు.

కడసారి ప్రొద్దుటూరులో చూసినప్పుడు, మాట్లాడితే దానంతటదే రాసుకునే ఫోను ఆమె చేతిలో పెట్టింది మనవరాలు. టీచరమ్మ "యాడుండావు మే" అనింది. ఫోను ఇంకేదో రాసింది. మళ్లీ అనింది. మళ్లీ తప్పు రాసింది. "ఎక్కడున్నావు అనమ్మమ్మా, రాస్తుంది" అని మనవరాలు చెప్పింది. "నేను మార్చుకునేదేంది? దీన్ని ఒకటో తరగతిలో కూచోబెట్టు. రెండేండ్లలో నేర్చుకుంటాది" అని ఫోను మంచం మీద పెట్టేసింది.

సోమవారం సమాధుల దొడ్డికి ఆమె పాత విద్యార్థులు చాలామంది వచ్చినారు. మా నాయన పల్లె నుంచి ఒక్కడే బస్సెక్కి వచ్చినాడు. పాస్టరుగారు వాక్యం చదివి, ఆమె గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పమన్నారు. కాలేజీలో పనిచేసే ఒకాయన మాట్లాడినాడు. నేను మాట్లాడినాను. అప్పుడు వెనకనుంచి మా నాయన గొంతు వినబడింది.

"నా కూతురిని నేను బడి మాన్పించినా. ఈయమ్మ మా ఇంటికొచ్చి మళ్లీ పంపించింది. మాన్పించింది నా తప్పు. అది ఈపొద్దు చెప్తాండా."

మట్టి వేయడం మూడున్నరకు అయిపోయింది. పాస్టరుగారు, కాలేజీ ఆయన నాలుగింటికి వెళ్లినారు. ఐదు గంటల పులివెందుల బస్సుకు నేను బయల్దేరినాను. మా నాయన ఆరు దాటేదాకా సమాధి కాడనే ఉండి వెళ్లినాడని టీచరమ్మ కూతురు తర్వాత ఫోన్లో చెప్పింది.