ఆకాశంతో పడనివాడు

టాక్ మన్‌సిక్‌కి ఆకాశమంటే పడదు. మనుషులకి దాయాదులతో పడకపోవచ్చు, పక్కింటివాళ్ళతో పడకపోవచ్చు, కట్టుకున్నదానితో పడకపోవచ్చు. అవన్నీ లోకంలో ఉన్నవే. మన్‌సిక్ మాత్రం ఏకంగా ఆకాశంతోనే తగువు పెట్టుకున్నాడు.

తగువంతా మంచు గురించి. సొల్‌గోల్ ఊరి స్కీ కొండ మీది మంచు మిషన్లన్నీ ఆయన చేతికింద ఉండేవి. లారీ చక్రమంత పంకా, దాని చుట్టూ నీళ్ళు చిమ్మే సన్నటి ముక్కులు, గొంతు విప్పితే లోయంతా హోరు. అలాంటివి కొండ పొడుగునా బారులు తీరి ఉండేవి. చలి బిగిసిందంటే వాటి నోట్లోంచి నీళ్ళు మంచై ఎగిరి వాలు మీద పడేవి. మంచంటే అదేననీ, పైనుంచి పడేదాన్ని మంచనడం జనం చేస్తున్న పొరపాటనీ ఆయన సిద్ధాంతం.

ఆ సిద్ధాంతాన్ని రోజూ వినే భాగ్యం మల్సున్‌ది. కొండ అడుగున ఆవిడకో బండి ఉండేది. చేపపిండి ముక్కల్ని పుల్లలకి గుచ్చి వేడి చారులో ఉడికించి అమ్మేది. ఆవిడ కాలంచేసిన భర్తా మన్‌సిక్కూ చిన్నప్పటి నేస్తాలు. అందుకని ఆయనకి ఆవిడ వదిన, ఆవిడకి ఆయన మరిది. తెల్లారేసరికి మన్‌సిక్ కనుబొమ్మల నిండా మంచు గడ్డకట్టించుకుని దిగేవాడు. చారు గరిటె పట్టుకున్న ఆవిడ ముందుకి తన కోటు చెయ్యి చాపేవాడు.

"చూడు వదినా, చేతిమీద పడి ఎలా ఎగిరిపోతోందో! తడి అంటిందా? అంటలేదు. ఇదీ మంచంటే."

"నీ చెయ్యి నా చారులో పడేట్టుంది. తియ్యి."

"ఆకాశం మంచైతేనా, ఈపాటికి నీరై కారేది. దానికి ఒక కొలతా లేదు, వేళా లేదు. కావాలన్న రోజున రాదు, వద్దన్న రోజున నెత్తిన పడుతుంది. ఊరికే వచ్చేదానికి గౌరవం ఎక్కడిది?"

"ఎండా గాలీ కూడా ఊరికే వస్తున్నాయిగా మరిదీ?"

"వాటి సంగతి నాకు తెలీదు. నా శాఖ కాదు."

నిజంగా మంచు పడిన రోజున ఆయన్ని చూడాలి. ఊరంతా మొహాలు పైకెత్తి నవ్వుతుంటే ఆయనొక్కడూ నల్ల గొడుగు వేసుకుని వచ్చేవాడు. గొడుగెందుకని అడిగితే, "దానికీ నాకూ మాటల్లేవు" అనేవాడు. భుజం మీద ఒక రేకు పడితే ఎవరిదో వెంట్రుకలా వేళ్ళతో పట్టి తీసి అవతల పారేసేవాడు. టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయి "రేపు కొండ ప్రాంతాల్లో మంచి మంచు" అంటే చాలు, "మంచి చెడ్డ నువ్వు చెప్పకు తల్లీ. పడుతుందని చెప్పు, అంతే" అని తగులుకునేవాడు.

ఒకసారి ఆకాశం మంచు పడిందని మేనేజరు గారు సంబరపడి కొండ మొదట్లో 'సహజమైన మంచు' అని పెద్ద బోర్డు పెట్టించాడు. మధ్యాహ్నానికల్లా దాని కింద ఇంకో అట్ట వేలాడుతోంది. 'పైన జానెడే. దాని కింద నడుంలోతు నాది. టాక్ మన్‌సిక్.' మేనేజరు పిలిచి కేకలేస్తే, "అబద్ధం రాశానా? తవ్వించండి" అన్నాడు. తవ్వించే ఓపిక ఎవరికుంటుంది? రెండు బోర్డులూ తీసేశారు.

ఇవన్నీ ఒక ఎత్తు. మొదటి మంచు సంగతి ఒక్కటీ ఒక ఎత్తు.

మొదటి మంచు పడుతుంటే కోరుకున్నది తీరుతుంది. సొల్‌గోల్‌లో పాలు తాగే పిల్లని అడిగినా చెబుతుంది. మన్‌సిక్ కూడా కాదనడు. ఆ మొదటిది ఎవరిదన్నదే ఆయన పేచీ. ఏటా నవంబరులో మిషన్లు గొంతు విప్పిన రోజున చేతిమైకు పట్టుకుని వీధులు తిరిగేవాడు.

"మొదటి మంచు పడుతోందహో! కోరికలున్నవాళ్ళు బయటికి రండహో!"

ఒక్క తలుపూ తెరుచుకునేది కాదు.

"పైపులోంచి వచ్చిన మంచుకి మొక్కుకుంటే పైపులు బాగుచేసేవాడే తీర్చాలి" అనేవాడు మంగలి, కిటికీలోంచి తల మాత్రం బయటపెట్టి.

"మధ్యలో కరెంటు పోతే కోరిక సగంలో ఆగిపోతుందేమో చూసుకో మరిదీ" అనేది మల్సున్.

"నవ్వండి. నాది మొదటిది, ఆకాశానిది రెండోది. తరవాత కోరికలు తీరలేదని నా దగ్గరికొచ్చి ఏడవకండి."

ఒకసారి సియోల్ నుంచి వచ్చిన కుర్రాడొకడు వాలు మీద తన ప్రియురాలి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంగరం తీశాడు. ఆ పిల్ల మూతి ముడిచింది. "మొదటి మంచు రోజున అడుగుతానన్నావు. ఇది మిషన్‌ది కదా!" అంది. అంతే, మిషను వెనకనుంచి నిలువెల్లా తెల్లగా, కనుబొమ్మలకి మంచు ముక్కలు వేలాడుతూ మన్‌సిక్ ఊడిపడ్డాడు. "సాక్షిని నేనున్నాను! ఇదే మొదటిది! ఒప్పేసుకో తల్లీ!" పిల్ల కెవ్వుమని అరిచి కుర్రాడి మెడకి కరుచుకుపోయింది. పెళ్ళి కుదిరింది.

"జడుసుకుని ఒప్పుకుంది పాపం" అంది మల్సున్.

"ఎలాగైతేనేం, ఫలించిందా లేదా?"

ఇలా ఉండగా ఒక ఏడు ఆకాశం నిజంగానే చేతులెత్తేసింది. డిసెంబరు గడిచింది, జనవరి సగమైంది. లోయలో ఒక్క రేకు రాలలేదు. చుట్టూ కొండలన్నీ ఎండుగడ్డి రంగులో ఉంటే, మన్‌సిక్ వాలొక్కటే తెల్లటి నాలుకలా కిందికి సాగి ఉంది. ఆయన ఆనందం పట్టతరం కాలేదు. బండి దగ్గర నిలబడి రెండేసి పుల్లలు ఎక్కువ తిన్నాడు. "ఒప్పుకుంది వదినా. ఇన్నేళ్ళకి ఓటమి ఒప్పుకుంది" అని పైకి చూసి కన్నుకొట్టాడు.

సరిగ్గా అప్పుడే మల్సున్ వియ్యపురాలు న్యుంగ్ వియత్నాం నుంచి దిగింది.

మల్సున్ కోడలు దియెప్‌కి నెలలు నిండుతున్నాయి. పోయినేడు ఒకసారి కడుపు నిలవలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు కాని, ఆ పిల్ల మెట్టు దిగినప్పుడల్లా అందరూ ఊపిరి బిగబట్టేవాళ్ళు. తల్లికి పురిటిదాకా ఉండే వీలు లేదు. అక్కడ కొడుకు పెళ్ళి పెట్టుకుంది. దగ్గర ఉండి చేయలేనిది మొక్కుకునైనా వెళ్ళాలని ఆవిడ పట్టుదల. మొదటి మంచు సంగతి కూతురే ఎప్పుడో ఫోనులో చెప్పింది. ఇంకేముంది, వచ్చిన దగ్గరనుంచీ మల్సున్ పాత దూది కోటులో మునిగిపోయి కిటికీ దగ్గర కూర్చుంది. మబ్బు కనబడితే లేచి నిలబడేది. మబ్బు కదిలిపోతే మళ్ళీ కూర్చునేది.

మల్సున్ ప్రాణం కొట్టుకులాడింది. వచ్చిన వియ్యపురాలికి చేపలు పెట్టగలదు, పచ్చళ్ళు పెట్టగలదు, వేడిగా పడక వేయగలదు. ఇప్పుడు అడక్క అడక్క ఒకటి అడుగుతుంటే అది తన చేతిలో లేదు. ఊరుకోలేక ఒక పూట ఆవిడని కొండ దగ్గరికి తీసుకెళ్ళింది. దియెప్ మధ్యలో మాటలు అందించడానికి వచ్చింది.

మన్‌సిక్ ఎదురొచ్చి నడుం వంచి నమస్కారం పెట్టాడు.

"రండమ్మగారూ! మొదటి మంచు కోసమట కదా? ఇదిగో, నవంబరులోనే వేశాను. ఎంత కావాలంటే అంత కోరుకోండి."

న్యుంగ్ వంగి గుప్పెడు తీసి చూసింది. ఏదో అడిగింది.

"ఇది పైనుంచి పడిందా అని అడుగుతోంది బాబాయ్ గారూ."

"పైనుంచి పడేదానికంటే మేలైనదని చెప్పమ్మా."

న్యుంగ్ గుప్పిట్లోది మెల్లిగా కింద పెట్టింది. నొప్పించకుండా చెప్పాలన్న ఇబ్బంది మొహంలో తెలుస్తోంది. మిషను వైపు చూపించి నెమ్మదిగా ఏదో అంది. దియెప్ తటపటాయించింది.

"చెప్పు తల్లీ, ఏమంటోంది?"

"మొక్కుకుంటాను కానీ... అంత చప్పుడులో దానికి వినబడుతుందా అంటోంది."

మన్‌సిక్ మిషను కేసి చూశాడు. ఆయన టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, "ఆమాట నిజమే" అని వెళ్ళిపోయాడు.

ఆ తరవాత మనిషి తీరు మారింది. చారు తాగుతున్నా కళ్ళు పైనే ఉండేవి. వాతావరణం చెప్పే అమ్మాయి వస్తే ఒక్క మాటైనా అనకుండా వింటున్నాడు. "ఒంట్లో బాగుందా మరిదీ?" అంటే, "నాకేం?" అన్నాడు. న్యుంగ్ ప్రయాణం ఇంక రేపనగా, మల్సున్ బూడిద పారబోయడానికి మిషన్ల షెడ్డు వెనక్కి వెళ్ళింది. అవతల గొంతు వినబడి ఆగింది.

"ఒక్క గుప్పెడు చాలు" అంటున్నాడు మన్‌సిక్, నడుం మీద చేతులు పెట్టుకుని, తల పూర్తిగా వెనక్కి వాల్చి. "నాకోసం అడగటం లేదు, నీకూ తెలుసు. నీ మంచు మీద ఈ చలికాలమంతా ఒక్క మాట అనను. పోనీ వచ్చే చలికాలం కూడా. గొడుగు వేసుకోను. ఏమంటావు?"

ఆకాశం నీలంగా, నున్నగా, ఏమీ ఎరగనట్టు ఉంది.

వెనక అడుగుల చప్పుడైతే తిరిగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"చూశావా వదినా దీని పొగరు! నోరు తెరిచి ఒకటి అడిగాను. ఒకే ఒక్కటి."

మల్సున్‌కి నవ్వాలో ఏడవాలో తెలియక, బూడిద పారబోసి వచ్చేసింది.

ఆ రాత్రి చలి బిగిసింది. మబ్బు మాత్రం రాలేదు. మిషన్లు తెల్లవార్లూ మోగాయి. సొల్‌గోల్ జనానికి ఆ హోరే జోలపాట. అది ఆగితేనే ఉలిక్కిపడి లేస్తారు. అందుకని మల్సున్‌ని లేపింది హోరు కాదు, పెరట్లోంచి దియెప్ కేక.

"అత్తయ్యా! మంచు!"

మల్సున్ చెప్పులు కూడా వెతుక్కోకుండా పరుగెత్తింది. పెరటినిండా మంచు కురుస్తోంది. పచ్చడి జాడీల మూతల మీద, తీగ మీద ఆరేసిన తువ్వాళ్ళ మీద, దియెప్ జుట్టు మీద దిగుతోంది. మధ్యలో న్యుంగ్ రెండు చేతులూ చాపి, నోరు కొంచెం తెరిచి, చిన్నపిల్లలా నిలబడి ఉంది.

మల్సున్ తల ఎత్తి చూసింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. తూరుపు ఎర్రబడుతోంది. పక్కింటి కప్పు పొడిగా ఉంది. ఎదురింటి కప్పూ పొడిగానే ఉంది. ఆవిడ చూపు కంచె మీదికి పోయింది. కంచెకి అవతలే చిన్నపిల్లల వాలు, దాని చివర ఆఖరి మిషను. ఎప్పుడూ వాలుకేసి ఉండే దాని మొహం ఇవాళ ఇటు తిరిగి పైకెత్తి ఉంది. దాని వెనక ఒక టోపీ, టోపీ కింద పెదాల మీద వేలు పెట్టుకున్న మన్‌సిక్.

ఆవిడ చెయ్యి చాపి ఒక రేకు పట్టింది. ఏళ్ళ తరబడి ఆయన తన ముందు చాపిన కోటు చేతుల పుణ్యమా అని ఆవిడకి తెలుసు. నీళ్ళు బాగా తగ్గించి, గాలి పెంచి, ఓపిగ్గా వేస్తే తప్ప ఇంత మెత్తనిది రాదు. ఇంత మంచి మంచు ఆయన ఎన్నడూ వేసి ఉండడు.

"అత్తయ్యా, మబ్బులు లేవేమిటని అమ్మ అడుగుతోంది." దియెప్ కళ్ళు కూడా కంచె దాటి వెళ్ళొచ్చాయి. పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటోంది.

"ఎండ ఉండగా వాన పడితే పులికి పెళ్ళి అంటాం కదే. మంచు పడితే పులి పెళ్ళికూతురికి సారె పంపుతున్నారని చెప్పు."

"పక్కింట్లో పడలేదేమంటోంది."

"పక్కింటాయన పరమ పిసినారి. ఆ సంగతి ఆకాశానికి తెలియదా?"

న్యుంగ్ తృప్తిగా తలూపింది. కళ్ళు మూసుకుని, ఒక చెయ్యి కూతురి కడుపు మీద వేసి, పెదాలు కదపసాగింది. ఫిబ్రవరిలో ఆ ఇంట్లో ఆడపిల్ల పుట్టి, తల్లీ పిల్లా క్షేమంగా ఉండటం తరవాతి సంగతి. అప్పటికి మాత్రం ఆ పెదాలు ఎంతసేపు కదిలితే అంతసేపూ మంచు కురవాలి. కురిసింది.

ఇంతలో మేనేజరు గారు రొప్పుకుంటూ కంచె దగ్గరికి వచ్చాడు.

"ఎవడయ్యా మిషను మొహం ఇటు తిప్పింది? అక్కడ పిల్లల వాలు గుల్లవుతుంటే..."

"ష్! అరవకండి" అన్నాడు మన్‌సిక్. "ఆకాశం పనిలో ఉంది."

మేనేజరు పెరట్లోకి చూశాడు. ముసలావిడ మూసిన కళ్ళు చూశాడు, కూతురి కడుపు చూశాడు. టోపీ తీసి, నీలాకాశం కేసి చాలాసేపు చూశాడు.

"బాగా పడుతోంది... కదూ?" అన్నాడు గొంతు తగ్గించి. "నేనూ ఒకటి కోరుకోనా?"

"కోరుకోండి. ఎవరు కాదన్నారు?"

మొక్కు అయ్యాక న్యుంగ్ కళ్ళు తెరిచింది. అటుగా పోతున్నవాడిలా మన్‌సిక్ పెరట్లోకి వచ్చాడు. ఆవిడ గబగబా దగ్గరికి వెళ్ళి, ఆయన రెండు అరచేతుల్లోనూ మంచు పోసి, మెరిసే మొహంతో ఏదేదో చెప్పింది.

"చూశారా, అసలైన మంచంటే ఇదీ అంటోంది బాబాయ్ గారూ." దియెప్ తల వంచుకుంది. "ఎంత మెత్తగా ఉందో చూడండి, మీరు వేసే దానికీ దీనికీ పోలికే లేదంటోంది. మీరు ఏమీ అనుకోవద్దంటోంది."

మన్‌సిక్ చేతుల్లోని మంచు కేసి చూశాడు. కోటు చెయ్యి మీద ఒక రేకు వాలి, తడి అంటకుండా ఎగిరిపోయింది.

"నిజమే అమ్మగారూ" అన్నాడు. "నా మంచు దీని కాలిగోటికి చాలదు."

ఆ మాట అనేశాక ఊరుకోవచ్చు కదా. "కాకపోతే కొంచెం..." అని మొదలుపెట్టాడు. మల్సున్ ఆయన కాలు తొక్కింది.

"కొంచెం ఏమిటని అమ్మ అడుగుతోంది" అంది దియెప్.

"కొంచెం... ఇంకా పడితే బాగుండునని" అన్నాడు మన్‌సిక్.

న్యుంగ్ ఆశగా పైకి చూసింది. మన్‌సిక్ నడుం వంచి నమస్కారం పెట్టి, ఏదో పనున్నవాడిలా కంచె సందులోంచి అవతలికి దూరాడు. కాసేపటికి ఆకాశం ఏమనుకుందో ఏమో, మంచు ఇంకా జోరుగా కురిసింది.