ఫెస్టస్‌కి ఎత్తని చెయ్యి

మా తోడికోడలు డింప్నా బడి వంటగదిలో పని చేస్తుంది. పని ముగించి ఇంటికి రాగానే బూట్లు మార్చుకుని కొండ చుట్టూ తిరిగే రోడ్డు మీద పరుగుకు పోతుంది. వాళ్ళమ్మ చనిపోయిన ఏడాది నిద్ర పట్టక మొదలుపెట్టింది, ఆ తర్వాత మానలేకపోయింది. నడివయసు ఆడది పొట్టి లాగు వేసుకుని రోడ్డెక్కడం మా ఊరు కిల్‌బ్రాన్‌లో కొందరికి నచ్చలేదు. నచ్చనివాళ్ళు తల తిప్పుకోవచ్చు, రోడ్డేమీ వాళ్ళ తాత సొత్తు కాదు.

ఆమె అంత జాగ్రత్తగా పరుగెత్తే మనిషిని నేను ఎరగను. ఎదురొచ్చే బండి కనపడేలా ఎప్పుడూ కుడివైపే ఉంటుంది. ఎదురు కనపడని మలుపు వస్తోందంటే ముందే అవతలి పక్కకు దాటుతుంది. చెవుల్లో పాటలు పెట్టుకోదు. ఎండ కాస్తున్నా సరే, మెరుపు పట్టీల పసుపు జాకెట్ లేకుండా గడప దాటదు.

అయినా నిరుడు అక్టోబరులో, పట్టపగలు, మలుపన్నదే లేని చోట, పశువుల వ్యాపారి ఫెస్టస్ జీపు అద్దం ఆమె మోచేతికి కొట్టుకుంది. ఆమె వెళ్ళి రాతిగోడ మీద పడింది. జీపు ఆగలేదు. చెయ్యి వేలాడేసుకుని నడుచుకుంటూ మా ఇంటికి వస్తే నేనే కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అక్కడ చెయ్యి కదపకూడదని జాకెట్‌ను కత్తిరించి చెత్తలో పారేశారు.

పోలీసులు అడిగితే ఫెస్టస్ రెప్ప వేయకుండా చెప్పాడు. "నల్ల బట్టల్లో ఉంది సార్, అసలు కనపడనే లేదు. కొమ్మేదో తగిలిందనుకున్నా."

పసుపు జాకెట్ వేసుకుందని నేను ఎంత మొత్తుకున్నా ఇంటి మనిషి మాట అని కొట్టిపారేశారు. చర్చి బయట ఫెస్టస్ భార్య ఊనా అందరి ముందూ మా డింప్నాకు సుద్దులు చెప్పింది. "కాస్త లేత రంగేసుకుని ఉంటే సరిపోయేది కదమ్మా. పాపం మా ఆయనకి అప్పట్నించీ నిద్రే లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. డింప్నా మాత్రం రెండో చేత్తో నన్ను పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది.

"వాడి డబ్బులొద్దక్కా, వాణ్ణి జైల్లో పెట్టించనూ వద్దు. నేను కనపడ్డానని వాడి నోటితో నలుగురిలో చెప్పాలి. చెప్పించేదాకా వదల్ను" అంది.

కట్టు విప్పగానే మళ్ళీ రోడ్డెక్కింది. అదే రోడ్డు, సంత నుంచి ఫెస్టస్ తిరిగొచ్చే అదే వేళ, కొత్త పసుపు జాకెట్. జీపు చప్పుడు వినపడగానే గడ్డిలోకి దిగి, గోడకు ఆనుకుని, అది దాటిపోయేదాకా నిలబడేది.

"మళ్ళీ గుద్దితే ఏం చేస్తావే?" అన్నాను.

"అందుకేగా గోడకి ఆనుకునేది. వాడి చేతుల్లో చావను. రోజూ వాడికి కనపడాలి."

వాన చాచి కొడుతున్న రోజుల్లో "ఇవాళ్టికి మానెయ్యి" అనేదాన్ని. "వాడు ఇవాళ జీపు తియ్యడా ఏంటి?" అంటూ బూట్ల తాళ్ళు బిగించేది. మనిషిని నెలల తరబడి అలా నడిపించే శక్తి అక్కసుకు ఉందని నాకు అప్పుడే తెలిసింది.

మా దగ్గర రోడ్డు మీద మనిషి ఎదురైతే బండి నడిపేవాళ్ళు పలకరింపుగా స్టీరింగ్ మీంచి ఒక వేలెత్తాలి. నడిచేవాళ్ళు చెయ్యెత్తాలి. పొలం గట్టు కోసం కోర్టుకెక్కినవాళ్ళు కూడా ఇది తప్పరు. ఎత్తిన వేలికి జవాబివ్వలేదంటే ఆ మనిషిని బతికుండగానే పాతిపెట్టినట్టు. ఫెస్టస్ మొదటి రోజే, ఏమీ జరగనట్టు, వేలెత్తాడు. డింప్నా అతని కళ్ళలోకే చూసింది కాని చెయ్యి ఎత్తలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

"పాపం, దాని చెయ్యి లేవదు. నరం దెబ్బతింది" అని అతను బార్‌లో చెప్పుకున్నాడట. ఆ మాట నేనే మోసుకొచ్చి డింప్నా చెవిన వేశాను. మర్నాడు జీపు ముందర పాల లారీ వచ్చింది. లారీ డ్రైవర్‌కు ఆ విరిగిన చెయ్యే నిటారుగా ఎత్తింది, జీపు దగ్గరికి వచ్చేసరికి దించేసింది. మా గేటు దగ్గర నిలబడి చూశాను. నాకు కడుపు నిండిపోయింది.

ఆ రోజు నుంచి నేనూ ఎత్తడం మానేశాను. తర్వాత పాల లారీ అతను, ఆ తర్వాత బడి బస్సు నడిపే ఆవిడ. ఫెస్టస్ రెండు వేళ్ళెత్తి చూశాడు, మొత్తం చెయ్యెత్తి చూశాడు, చివరికి హారన్ కూడా కొట్టాడు. మనిషి లోపల్లోపల ఉడికిపోయాడు.

ఫిబ్రవరిలో ఒక శనివారం, ఊరి కొట్టు జనంతో కిటకిటలాడుతోంది. డింప్నా రొట్టె తీసుకుని వరసలో నిలబడింది, నేను ఆమె వెనకాల. ఊనాతో కలిసి లోపలికి వచ్చిన ఫెస్టస్ తిన్నగా మా దగ్గరికే వచ్చాడు.

"డింప్నా, నీకేం అన్యాయం చేశానే? రోజూ చెయ్యెత్తుతున్నా. కుక్క తోకాడించినా ఎవరో ఒకరు పలకరిస్తారు."

"ముందు మర్యాద తప్పిందెవరు?" అంది డింప్నా, రొట్టె వైపే చూస్తూ.

"నేనా? మా నాన్న నేర్పిన మర్యాద, నేనేనాడూ తప్పలేదు. ఆ రోజు కూడా ముందు వేలెత్తింది నేనే. ఒక చేతిలో ఫోనున్నా సరే, రెండో చేత్తో ఎత్తా. నువ్వే..."

నాలుక కరుచుకున్నాడు.

"ఏ రోజు, ఫెస్టస్?" అని కొట్టాయన మెల్లిగా అడిగాడు.

ఫెస్టస్ మొహం కందిపోయింది. ఊనా బుట్ట కింద పెట్టి మొగుడి వైపు చూసింది. "కనపడలేదన్నావు" అంది. "చర్చి ముందర నాచేత కూడా అనిపించావు." ఆమె జీపు ఎక్కలేదు, వానలో నడుచుకుంటూ ఇంటికి పోయింది. నాకు ఆమె మీద జాలి కలగలేదు, ఆ రోజుకి.

మర్నాడు నేనూ డింప్నాతో కలిసి రోడ్డెక్కాను. జీపు దూరంగానే గోడవారగా ఆగిపోయింది. ఇంజను ఆపి, అద్దం దించి, టోపీ తీసి కూర్చున్నాడు ఫెస్టస్. మేము పక్కనుంచి పోతుంటే, "డింప్నా, నాది తప్పే. క్షమించు" అన్నాడు.

డింప్నా వేగం తగ్గించలేదు. మలుపు దాటాక అడిగాను. "పాపం, అంతగా అడిగాడు కదా. ఏమీ అనవేంటే?"

"వినపడలేదక్కా" అంది. "చర్చి బయట, అందరూ ఉన్నప్పుడు, గట్టిగా చెప్పమను."