గేటు పెట్టె మొండితనం

రెండు గడియారాలు రెండు వేళలు చూపిస్తే బైరాగికి ఆ పూట అన్నం దిగదు. ఇది రోగమో తపస్సో ఖిదిర్‌పూర్ రేవులో ఎవరూ తేల్చలేకపోయారు. ఎక్కువ అనుభవించినవాడు మాత్రం సూరన్న. ఇద్దరిదీ ఒకే గోదాము. సూరన్న గేటు కాపలా. బైరాగి కెమెరాల గదికి ఏకచ్ఛత్రాధిపతి.

ఆ గదిలో కెమెరాకొక ఎన్‌కోడర్ పెట్టె. బొమ్మను కుదించి దాచడమే కాక, బొమ్మ ఎప్పుడు పోయిందో ఎప్పుడు తిరిగొచ్చిందో టైముతో సహా రాసుకుంటుంది. ఆ రాతల పేరు లాగ్. బైరాగి రోజూ పొద్దున్నే దాన్ని పంచాంగ శ్రవణంలా పైకి చదివేవాడు.

ఒకనాడు తీగ మీద కాకి వాలి రెండు కెమెరాల బొమ్మలు పోయాయి. రెండు పెట్టెలూ రెండు టైములు రాశాయి.

"ఒక్క కాకి రెండు టైముల్లో ఎలా వాల్తాది, సూరన్నా?"

"కాకినే అడుగు."

"నవ్వకు. రేపు దొంగొస్తే, ఆడు రాకముందే ఎల్లిపోనాడని రాస్తాయివి!"

అప్పట్నుంచి రోజూ రేడియో వింటూ పెట్టెల టైము దిద్దేవాడు. అక్కడితో ఆగితే బాగుండేది. పార్టీ ఆఫీసులో బల్లెక్కి గోడ గడియారం సరిచేయబోతే, "దిగు దాదా, విప్లవం టైము మేం చూసుకుంటాం" అని దింపేశారు. వాట్‌గంజ్‌లో ఒక పెళ్లిలో సరిగ్గా తాళి కట్టే వేళకు కుర్చీ ఎక్కాడు. అభ్యంతరం చెప్పడానికి లేచాడనుకుని పెళ్లికొడుకు మేనమామ చొక్కా చేతులు మడిచాడు.

ఇంతటివాడి ఏలుబడిలో గేటు కెమెరా పెట్టె ఒక్కటే ఎప్పుడూ ఓ పావుగంట వెనక నడిచేది. వింతేమిటంటే, ఈ ఒక్క తేడాకు మాత్రం అతనికి అన్నం దిగేది.

"ఊరందరికీ టైము సెప్తావు, ఈ పెట్టెకేటి జబ్బు?" అనేవాడు సూరన్న.

"మొండిది. సెప్పినమాట ఇనదు," అని బైరాగి అటు తిరిగేవాడు.

హాజరు లెక్కంతా ఆ గేటు బొమ్మ మీది టైముతోనే. గోదాము ఊడ్చే కాసులమ్మ షాలిమార్ వైపు నుంచి లాంచీలో గంగ దాటి రావాలి. లాంచీ నిండితేగాని కదలదు. ఇంకొక్కసారి ఆలస్యమైతే పని ఊడుతుందని మేనేజరు ఘోష్‌బాబు చెప్పేశాడు. పాపం, రోజూ పరుగున వచ్చి, మొండి పెట్టె పుణ్యాన వేళకే వచ్చినట్టు లెక్కలో పడేది.

అంతలో ఇంజనీరును పిలిపించారు. ఒక పెట్టెకు పెద్దరికం ఇస్తే, మిగతావన్నీ దాన్ని చూసి వాటంతటవే టైము దిద్దుకుంటాయట.

"ఇక ఏ పెట్టే మొండికెయ్యదు!" అన్నాడు ఘోష్‌బాబు.

"అయితే నా పని పోయినట్టేనా, సూరన్న బావూ?" అంది కాసులమ్మ, చీపురు జారవిడిచి.

ఆ మధ్యాహ్నం బైరాగి క్యారేజీ మూత తియ్యలేదు. గడియారాలన్నీ కలవబోయే శుభదినాన వీడికి అన్నం దిగకపోవడమేమిటని సూరన్న ఆలోచించాడు. ఆలోచించేసరికి మొండితనం ఎవరిదో తెలిసింది.

ఇంజనీరు ఆకలి మీదున్నాడు. "దాదా, వీటిలో నమ్మకమైనదేది?"

బైరాగి గుడిలో ప్రమాణం చేసేవాడిలా నిలబడ్డాడు. "గేటుది. దానంత నికరమైన పెట్టె రేవులో లేదు."

మర్నాడు పెట్టెలన్నీ ఒక్కమాట మీదున్నాయి. గోదాము సైరను కూడా వాటి వెనకే కూసింది. ఘోష్‌బాబు ఇంటి గడియారాన్ని తిట్టుకుంటూ చేతి వాచీ వెనక్కి తిప్పుకున్నాడు. కాసులమ్మ ఆయాసంతో వచ్చి, వేళకే వచ్చానని తెలిసి, గేటుకు దణ్ణం పెట్టి లోపలికి పోయింది.

"గోదామంతా లాంచీ టైముకి నడుస్తోందిరా, బైరాగీ!" అన్నాడు సూరన్న.

"ఒకదాంతో ఒకటి కలిసాయా, లేదా?"

"కలిసాయి."

"మరి కాకి?"

"పొద్దున్న వాలింది. అన్నిట్లోనూ ఒకటే టైము."

"అయితే ఆ క్యారేజీ ఇలా తే," అన్నాడు బైరాగి. "నిన్నటి ఆకలి కూడా ఉంది."