భద్రత ఉందా అని అడిగాను

విశ్వవిద్యాలయంలో మా పరిశోధన కేంద్రం బోర్డు మీద ‘విజ్ఞానశాస్త్రం, అంతర్జాతీయ భద్రతా విధానం’ అని ఉంటుంది. నర్సీపట్నంలో మా వీధివాళ్లకు అందులో ఒక్క ముక్కే అర్థమైంది. “పీహెచ్‌డీ సేసి సెక్యూరిటీ ఉజ్జోగమేటే?” అని మా పెద్దమ్మ అందరి ముందూ దెప్పేది. మొదట్లో ఒళ్లు మండేది. అణ్వస్త్రాల ఒప్పందాలు, ప్రమాదకర రసాయనాలు దుర్మార్గుల చేతిలో పడకుండా దేశాలు రాసుకునే నిబంధనలు, ఇవీ మేం చదివేవి అని వివరించి వివరించి విసుగొచ్చి మానేశాను.

నిరుడు చిన్న ఊళ్లలో క్లోరిన్ సిలిండర్లకు కాపలా ఎలా ఉందో తెలుసుకునే పని మా కేంద్రం చేపట్టింది. యాస తెలిసినదాన్ని కదా అని ఎగబడి మా ప్రాంతమే అడిగి తీసుకున్నాను. రోలుగుంట వైపు ఒక నీటి శుద్ధి ప్లాంటులో కాంట్రాక్టు మీద ఆపరేటరుగా చేసే ఆయన మా వీధివాడే. చిన్నప్పటి నుంచీ బాబాయ్ అని పిలుస్తాను. పేరు రాయనని, గొంతు ఎవరికీ వినిపించనని మాటిచ్చి, ఫోన్లో రికార్డింగు పెట్టుకుని, “ఇక్కడ భద్రత ఎలా ఉంది బాబాయ్?” అని అడిగాను.

“భద్రతేటుందమ్మా ఇక్కడ? ఏటీ నేదు,” అన్నాడాయన.

‘సెక్యూరిటీ లేదని ఆపరేటరే ఒప్పుకున్నాడు’ అని ఇంగ్లీషులో రాసేశాను. మంచి వాక్యం దొరికిందని సంబరపడ్డాను కూడా. నివేదిక అధికారులకు వెళ్లింది. అందులో ఆయన పేరు లేదు కానీ ప్లాంటు పేరు ఉంది. అక్కడ పగటి డ్యూటీలో ఉండే ఆపరేటరు ఆయనొక్కడే.

ఓ శనివారం పొద్దున్న ఆయన భార్య, మా పిన్ని, ఫోన్ చేసింది. “మీ బాబాయిని పన్లోంచి ఆపీసినారే. సిలిండర్ల కాడికి ఎవుల్ని రానిచ్చినావో సెప్పమంటన్నారు. పోలీసులకి రాసేత్తారట. సోమవారం పదింటికి ఎంక్వైరీ. ఏటి రాసినావే నువ్వు?”

రికార్డింగు తీసి మళ్లీ విన్నాను. ‘ఏటీ నేదు’ దగ్గర ఆయన ఆగలేదు. “మాస్కు నేదు, గ్లౌజులు నేవు. మొన్న వాల్వు కారితే తడిగుడ్డ ముక్కుకి సుట్టుకుని బిగించీసాను. కాంట్రాక్టరుకి సెప్పి సెప్పి నోరు పడిపోనాది.” నేనడిగింది తాళాల గురించి, కెమెరాల గురించి. ఆయన చెప్పింది తన ఊపిరి గురించి. ఇంగ్లీషులో సేఫ్టీ వేరు, సెక్యూరిటీ వేరు. మనకు రెంటికీ భద్రతే. రోజూ ఆ మాట మీద బతికేదాన్ని, నాకే తట్టలేదు. మాస్కు సంగతి మన అంశం కాదని కొట్టేసింది కూడా నేనే.

మా డైరెక్టరుకు చెప్పాను. వచ్చే నివేదికలో సవరణ వేద్దాం, నువ్వు విచారణకు వెళ్తే కేంద్రం పరువు పోతుంది అన్నారు. ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. నిజానికి అది నా మీద రావలసిన కోపం. సోమవారం తొలి బస్సెక్కాను.

విచారణ జరిగే ఆఫీసు వరండాలో బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. రికార్డింగు వినిపిస్తే ఆయన అన్నది కాపలా గురించి కాదని తేలిపోతుంది. కానీ కాంట్రాక్టరు మీద చెప్పిన మాటలు కాంట్రాక్టరే కూర్చుని వింటాడు. ఆ సంగతే చెప్పి, “ఏటి సెయ్యమంటారు బాబాయ్?” అన్నాను.

“ఇనిపించకమ్మా. ఆడు మళ్లీ గేటు తొక్కనిస్తాడేటి? తప్పు నీదని సెప్పీయ్, సాలు.”

లోపల అధికారి, కాంట్రాక్టరు కూర్చుని ఉన్నారు. తప్పు నాది, అనువాదంలో జరిగింది, ఈయన కాపలా గురించి అనలేదు అని చెప్పాను. అధికారి కళ్లజోడు తీసి, “మరి భద్రత లేదని దేని గురించి అన్నాడండీ?” అని అడిగారు.

కాంట్రాక్టరు నన్ను చూడటం లేదు, బాబాయిని చూస్తున్నాడు. బాబాయ్ నేలచూపులు చూస్తున్నాడు.

“నేనే సరిగా వినలేదండి,” అన్నాను.

అధికారి గుమస్తా చేత ఏదో రాయించి బాబాయ్ చేతికిచ్చారు. ఆయన ఆ కాగితాన్ని నాకందించి “సదువమ్మా” అన్నాడు. ‘ప్లాంటులో భద్రతకు ఎలాంటి లోపమూ లేదు. లోపం ఉందని నేను ఎవరితోనూ చెప్పలేదు’ అని ఉంది. ఏ భద్రతో అందులో రాయలేదు. రేపు ఆ వాల్వు మళ్లీ కారి ఈయనకేదైనా అయితే కాంట్రాక్టరు ముందు చూపించేది ఈ కాగితాన్నే.

“బాగానే ఉందా? సంతకం పెట్టీమంటావా? రెండింటికి డ్యూటీ ఎక్కీమంటన్నారు,” అన్నాడు. ఆ మాట అంటుంటే ఆయన మొహం తేటపడింది.

కాగితంలో ‘భద్రత’ కొట్టేసి ‘కాపలా’ అని రాయమంటే చాలు. అలా అంటే అధికారి ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే డ్యూటీ ఉండదు. భయమేసింది. ఆయన కోసం ఎంత భయపడ్డానో, అక్కడి నుంచి బయటపడాలని నా కోసమూ అంతే భయపడ్డాను.

“పెట్టీయండి బాబాయ్,” అన్నాను.

ఆయన పెట్టాడు. కాంట్రాక్టరు వెంటనే ఒక జిరాక్సు అడిగాడు.